ఇంజను నంబరు మీద బొట్టు

"మా బండికి ఏం అంటవెడుతున్నవ్?"

వెనక నుంచి వచ్చిన ఆ గొంతుకు నా చేతిలోని అయస్కాంతం జారి ఫియట్ కారు తలుపుకు అతుక్కుపోయింది. ఆ కంగారులో కూడా అది అతుక్కున్నందుకు నాకు సంతోషమే కలిగింది. పాత కారు ఒంటి మీద అయస్కాంతం ఎక్కడైనా నిలవకపోతే, అక్కడ తుప్పు తిన్న రేకు తీసేసి పుట్టీ పూసి రంగు వేశారని అర్థం. ఈ తలుపు అసలు రేకే.

తిరిగి చూశాను. జడ మీద, భుజం మీద, ఒక కనుబొమ్మ మీద పత్తి పోగులతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో రెండు సూదులున్న చిన్న మీటరు ఉంది. ఆ సూదులు నా వైపే ఉన్నాయి.

"అంటవెట్టుడు కాదు, చూస్తున్న," అన్నాను.

"పాత ఇనుము కొనెటోళ్లు గూడ గట్లనే చూస్తరు."

"కొననీకి రాలే. కరీంనగర్ నుంచి వచ్చిన. సదానందం."

ఆమె మీటరు దించింది. నన్ను తల నుంచి చెప్పుల దాకా చూసింది.

"ఫోన్ల మాట్లాడింది మీరేనా? పేరు విని మా బాపు ఈడుంటదనుకున్న. నిలబడలేరేమోనని కుర్చీ గూడ ఏసిపెట్టిన."

"మా తాత పేరు పెట్టిండ్రు."

"ఆయనది ఆయనకు వాపసు ఇచ్చేయుండ్రి. మీ మొకానికి సరిపోలే," అంటూ ఆ కుర్చీలో తనే కూర్చుంది.

ఆమె పేరు నవనీత. ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో ఒక వ్యాపారి దగ్గర పత్తి గ్రేడర్. రైతు తెచ్చిన పత్తిలో మీటరు గుచ్చి తేమ ఎంతో చెప్పడం ఆమె పని. పాత కార్లలో ఏ భాగం కంపెనీదో, ఏది తర్వాత తగిలించిందో తేల్చడం నా పని. ఇద్దరమూ అనుమానించి బతికేవాళ్లమే. ఆ సంగతి ఆమెకే ముందు తోచింది.

"మీరు బండ్లను నమ్మరు. నేను పత్తిని నమ్మ. మరి మనుషులను ఎవలు నమ్మాలె?" అంది.

మేమున్నది మూతపడిన ఒక పత్తి జిన్నింగు మిల్లు షెడ్డులో. మిల్లు స్థలం అమ్ముడుపోయింది. పత్తి సీజను ముగియగానే షెడ్డు కూలగొడతారు.

"మా ఇంటి గల్లీలకు ఆటో గూడ రాదు, గీ బండి ఎట్లొస్తది?" అంది నవనీత. "పెద్దపల్లిల మా మేనమామకు గోదాం ఉన్నది. కాయిదాలు సక్కగుంటె తెచ్చి పెట్టుకొమ్మన్నడు. గీ బండికేమో రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయింది. వింటేజ్ కింద మల్ల చేయించాలంటె, అన్నీ అసలువే అని మీరు రాసియ్యాలె. మీరు రాయకపోతే తుక్కు కింద ఎత్తుకపోతరు. బాపు తట్టుకోడు."

చివరి మాట మాత్రం మెల్లగా చెప్పింది. ఎందుకంటే అప్పుడే వాళ్ల నాన్న షెడ్డులోకి వచ్చాడు.

హనుమండ్లు ఈ మిల్లు సేటుకు డ్రైవరుగా పనిచేశాడు. సేటు మిల్లు మూసి నాగపూర్ వెళ్లిపోతూ, కారును అతని పేరు మీద రాసిచ్చాడు.

"ఒక్క నట్టు మారలే సారూ. కంపెనీల నుంచి ఎట్లొచ్చిందో గట్లనే ఉన్నది."

"అందరు గట్లనే అంటరు కాకా."

"అందరియి అబద్ధాలు. నాది నిజం."

పని మొదలుపెట్టాను. అద్దాల మూలల్లో చెక్కిన ముద్రలన్నీ ఒకే కాలానివి. డ్యాష్‌బోర్డు కింద దూరి టార్చి వేస్తే, వైర్లకు చుట్టిన గుడ్డ చెక్కుచెదరకుండా ఉంది. స్టీరింగు పక్కనే ఉండే గేరు కడ్డీ పిడి అరిగి నున్నగా ఉంది కానీ మారలేదు. డిక్కీ కీలు దగ్గర గోటితో గీకి చూశాను. ఆ రంగు కింద ఇంకో రంగు లేదు.

నేను ఎటు వంగితే నవనీత అటు వంగి చూస్తూ ఉంది.

"పెండ్లిచూపులల్ల గూడ గిట్ల చూడరు," అంది.

"అక్కడ పుట్టీ ఉన్నా తెల్వది గద."

"పౌడరుంటది. మీరు పోయేటప్పుడు అయస్కాంతం తీస్కపోండ్రి."

నవ్వు ఆపుకోవడానికి తల కారు కిందికి పెట్టాను. మామూలుగా ఏదైనా తప్పు దొరికితే నాకు లోపల ఒక చిన్న చల్లదనం కలుగుతుంది. హాస్టల్లో పెరిగాను. కొత్తగా ఎవరైనా ప్రేమగా పలకరిస్తే, దాని వెనక ఏముందో వెతకడం అక్కడే అలవాటైంది. తర్వాత ఆ అలవాటే ఉద్యోగమైంది. ఆ రోజు మాత్రం ప్రతి భాగం అసలుదని తేలుతున్న కొద్దీ, ఎవరో నన్ను దయగా ఓడిస్తున్నట్టు అనిపించింది.

ఇక ఇంజను నంబరు ఒక్కటే మిగిలింది.

హనుమండ్లు చాయ్ తేవడానికి వెళ్లాడు. నవనీతకు యార్డు నుంచి ఫోను వచ్చింది, మబ్బు పట్టింది, పత్తి కుప్పల మీద పట్టాలు కప్పించాలని. ఆమె మాట్లాడుతూ బయటికి నడిచింది. నేను బానెట్ ఎత్తాను. ఇంజను దిమ్మ మీద నంబరు చెక్కి ఉండే చోట పసుపు, కుంకుమ, నూనె పొరలుపొరలుగా గట్టిపడి ఉన్నాయి. దసరాకు అందరూ బండికి బొట్టు పెడతారు. అందరి బండ్లకూ తుడిచాను. ఎవరూ ఏమీ అనలేదు. గుడ్డను పెట్రోలులో ముంచి ఒక మూల రుద్దాను. గుడ్డ ఎర్రబడింది.

"ఆగు."

హనుమండ్లు గొంతు పెంచలేదు. చాయ్ గ్లాసులు నేల మీద పెట్టాడు. నా చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. బానెట్‌ను రెండు చేతులతో మెల్లగా, నిద్రపోతున్న మనిషికి దుప్పటి కప్పినట్టు దించాడు.

"నాకు కాయిదం వద్దు సారూ. మీరు పోండ్రి."

గుడ్డతో అతను షెడ్డు వెనకవైపు వెళ్లిపోయాడు. తలుపు దగ్గర నవనీత నిలబడి ఉంది. అంతా చూసింది.

"గది మా అవ్వ పెట్టిన బొట్టు," అంది, వాళ్లమ్మ గురించి. "ప్రతి దసరాకు పెట్టేది. బండికి నంబరే పేరు, బొట్టు పేరు మీదనే పెట్టాలె అనేది. ముందటేడు దసరాకు పెట్టింది. ఆ చలికాలంలనే పోయింది."

"మరి మొన్నటి దసరాకు?"

"ఎవలం పెట్టలే. బాపు పెట్టనియ్యలే." మూసి ఉన్న బానెట్ వైపు చూసింది. "బొట్టు తుడుచుడంటే ఏందో మీకు తెల్వదా?"

"తెలుసు. ఇంజను మీదిది గద అని..."

"బాపుకు గది ఇంజను గాదు."

వాన మొదలైంది. పత్తి కాలంలో రాకూడని వాన. షెడ్డు చూరు నుంచి నీళ్లు నేరుగా నా చొక్కా మీద పడుతున్నా పక్కకు జరగాలని తోచలేదు.

"మీ ఇంట్ల బండికి బొట్టు ఎవలు పెడ్తరు?" అని అడిగింది. ఆ గొంతులో కోపం ఇంకా ఉంది.

"ఇంట్ల ఎవలు లేరు. మా అవ్వ నాకు తెలివి రాకముందే పోయింది."

అయ్యో అనలేదు. అలా అననందుకు ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను. మీటరు తీసి, సూదులు నా తడిసిన భుజానికి ఆనించి, ముల్లు వైపు గంభీరంగా చూసింది.

"పన్నెండు శాతం దాటింది. గింత తేమకు ఎవలు కొనరు. లోపటికి రాండ్రి."

అంతలో షెడ్డు వెనక గల్లీలో ఉన్న వాళ్ల ఇంట్లోంచి హనుమండ్లు గొంతు వినిపించింది. "నవనీతా, గాయినను తినిపొమ్మను. వానల ఎటు పోతడు."

జొన్న రొట్టె, పుంటికూర, ఎల్లిపాయ కారం. హనుమండ్లు నా ముఖం చూడలేదు. నా పళ్లెంలో రొట్టె అయిపోగానే మాత్రం ఇంకొకటి వచ్చి పడుతూ ఉంది. నేను ఎరిగిన లోకంలో కోపం వచ్చినవాళ్లు తలుపు మూసుకునేవాళ్లు. కోపాన్ని పక్కన కూర్చోబెట్టుకునే అన్నం పెట్టే మనిషిని అంతవరకు చూడలేదు. చేతిలోని ముద్దను చూస్తూ ఉండిపోయాను. కారం ఎక్కువైందనుకుని నవనీత నీళ్లు ఇచ్చింది.

వాన తగ్గాక బస్టాండు దాకా స్కూటీ మీద దింపింది. అక్కడ నోరు తెరిచాను.

"మిగతావన్నీ అసలువే. నంబరు గూడ కలుస్తదనే నా నమ్మకం. చూడకుండనే రాసిస్త. ఎవలు అడగరు."

ఆమె హెల్మెట్ తీసింది.

"రోజు ఎంతమంది రైతులు బతిమాలుతరో తెలుసా? అక్కా, మీటరు పెట్టకు, మంచి పత్తి, రాసెయ్ అని. మంచిదే అయి ఉంటది. అయినా గుచ్చకుండ నేను రాయ. మీరు చూడకుండ రాస్తే, గా కాయిదం బాపు చేతుల పెట్టేటప్పుడు ఆయన మొకం చూడలేను." స్కూటీ స్టార్ట్ చేసింది. "రాయకుండ్రి. రాస్తే మిమ్మల్ని మల్ల చూడ."

కరీంనగర్ బస్సులో కూర్చున్నాక ఆ చివరి మాటను తిప్పి చూశాను. రాయకపోతే మళ్లీ చూస్తుందన్నమాట. నిర్మల్ దాటేదాకా దాన్నే పరీక్షించాను. ఎక్కడా పుట్టీ దొరకలేదు.

కరీంనగర్ మంకమ్మతోటలో నాది ఒంటరి గది. నాలుగు గోడలూ నాతో ఒప్పందం చేసుకున్నట్టు మౌనంగా ఉండేవి. ఇప్పుడు ఫోను మోగడం మొదలైంది.

"రిపోర్టు రాసిండ్రా?"

"రాయలే."

"మంచిది," అని పెట్టేసేది.

తర్వాత, "ఇయ్యాల ఒకాయన పత్తి మీద నీళ్లు చల్లుకొచ్చిండు. మీటరు పెడ్తె, పొద్దుగాల మంచు కురిసిందక్కా అంటడు. వాని బండి మీదనే కురిసిందట మంచు."

నేను నవ్వేవాణ్ని. నా నవ్వు గదిలో కొత్తగా వినిపించి నేనే ఉలిక్కిపడేవాణ్ని. ఆమె ఎందుకు ఫోను చేస్తోంది, రిపోర్టు కోసమా, జాలిపడా అని పాత అలవాటు ప్రకారం వెతికేవాణ్ని. మరుసటి రోజు ఆమె గొంతు వినగానే వెతకడం మరిచిపోయేవాణ్ని. అలా మరిచిపోగలనని నాకు నేర్పింది ఆమే.

ఒక సాయంత్రం అడిగాను. "కాకాకు నా మీద కోపం పోయిందా?"



"ఒక మాట చెప్త. మా బాపును కాకా అనుడు బంద్ చెయ్."

మీరు పోయి నువ్వు వచ్చింది. గమనించాను.

"ఎందుకు? మర్యాదకే గద."

"మర్యాదకే. ఆయన నీకు కాకా అయితే, నేనేమైత?"

కాకా అంటే చిన్నాన్న. చిన్నాన్న కూతురంటే చెల్లెలు. కిటికీ బయట రోడ్డు మీద ఎవరో జామకాయలు అమ్ముతున్నారు. ఆ కేక పూర్తయ్యేదాకా నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు.

"కనిపెట్టినవా?" అంది.

"కనిపెట్టిన."

"అద్దం మూలకున్న ముద్ర చూసి ఏ సాలుదో చెప్తవ్. గిది చెప్పుటానికి గింతసేపా," అని ఫోను పెట్టేసింది.

తర్వాతి వారం ఫోను చేసింది హనుమండ్లు.

"సారూ, శుక్రారం రాండ్రి. పని మిగిలిపోయింది గద."

వెళ్లేసరికి షెడ్డు ఊడ్చి ఉంది. స్టవ్వు మీద చిన్న గిన్నెలో నువ్వులనూనె గోరువెచ్చగా కాగుతోంది. హనుమండ్లు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను కారుకు ఆనుకుని నిలబడ్డాడు.

"మొన్న శుక్రారం నవనీత ఇంటి కడప కడిగింది. పాత పసుపు గీకి, కడిగి, మల్ల పసుపు రాసి బొట్లు పెట్టింది. నేను ఉత్తగ కూసొని చూసిన. మా ఇంటిది, బాలవ్వ గూడ గట్లనే చేసేది. పాతది కడగకుండ కడపకు కొత్తది ఎన్నడు పెట్టలే. అప్పుడు సమజైంది సారూ. తుడుచుడు తప్పు గాదు. తుడిచి బోసిగ ఇడిసిపెట్టుడు తప్పు." కారు మీద చెయ్యి వేశాడు. "దసరా నాడు బోసిగ ఇడిసిపెట్టింది నేనే. మిమ్మల్ని ఉత్తగ అన్న."

"మీరేమీ అనలే. రొట్టె పెట్టిండ్రు," అన్నాను.

"పెట్రోల్ మాత్రం వద్దు," అంది నవనీత. దోసిట్లో గింజ తీసిన తెల్లటి దూది తెచ్చింది. "నంబర్ వన్ క్వాలిటీ. తేమ నేనే చూసిన."

దూదిని నూనెలో ముంచి బొట్టు మీద పెట్టి ఆగాం. గీకలేదు. నూనె తాగిన కొద్దీ పొరలు మెత్తబడి అంచుల్లో లేచాయి. సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటే ఎత్తి తమలపాకు మీద పెట్టాను. నవనీత టార్చి పట్టుకుంది. మా ఇద్దరి తలలు బానెట్ కింద ఒకదానికొకటి తగులుతున్నాయి. "జర జరుగు," అంటూ తనే ఇంకొంచెం దగ్గరికి జరిగేది.

ఒక పొర ఎత్తాక నా చెయ్యి ఆగింది. ఆ గట్టిపడిన కుంకుమ మీద వేలి కొస ముద్ర ఉంది. సన్నని గీతలు కూడా కనబడుతున్నాయి. ఎన్నో ముద్రలు చూశాను, లోహం మీద, గాజు మీద. అసలుదో కాదో చూడాలన్న ఆలోచన రానిది అదొక్కటే.

ఆకును హనుమండ్లు అరచేతిలో పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని వెలుతురులోకి పట్టుకుని చూశాడు.

"బాలవ్వదే. ఉంగరం వేలు జర వంకరుండేది," అన్నాడు. ఆ పొరను బాలవ్వ కుంకుమ బరిణెలో పెట్టి మూత వేశాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఇంకా ఏదో అంటాడనుకున్నాను. "మీ పని కానియ్యుండ్రి," అన్నాడు, అంతే.

ఆఖరి పొర లేచింది. కింద అంకెలు నిన్న చెక్కినట్టు ఉన్నాయి. ఇంజను దిమ్మ మిగతా చోట్ల నల్లబడి గరుకు తేలింది కానీ, ఏటేటా పసుపూ నూనే కప్పిన ఈ చోట తుప్పు మచ్చ లేదు. పాత ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కో అంకె చదివాను. నవనీత ఒక్కోటీ పలికింది. అన్నీ కలిశాయి.

"ఒరిజినలే?" అన్నాడు హనుమండ్లు.

"ఒరిజినలే..." అని ఆగిపోయాను. ఆ తర్వాత రావలసిన పిలుపు నోటిదాకా వచ్చి నిలబడింది. పొద్దుటి నుంచి ఆయన్ను ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొస్తున్నాను. నవనీత దూది నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంది.

నంబరు ఫొటో తీసుకున్నాక ఆమె ఆ చోటు శుభ్రంగా తుడిచింది. పసుపు రాసి ఉంగరం వేలితో కుంకుమ బొట్లు పెట్టింది. హనుమండ్లు చూస్తూ నిలబడ్డాడు.

"ఇగ ఏటా పెట్టాలె," అన్నాడు. "బండి పెద్దపల్లి పోతది. నువ్వెక్కడుంటవో."

"ఎక్కడున్నా దసరాకు వస్త బాపూ."

"ఒక్కదానివేనా?"

నవనీత తల ఎత్తింది. నా వైపు చూసింది. మీటరు లేదు, టార్చి లేదు. అయినా నా జీవితంలో అంత నిదానంగా నన్నెవరూ పరీక్షించలేదు.

"నేను గూడ వస్త," అన్నాను. "ఆమె ఏడికి పోతే ఆడికి. మీకు ఇష్టమైతేనే."

హనుమండ్లు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. బానెట్ దించి, డ్రైవరు తలుపు తెరిచి స్టీరింగు ముందు కూర్చున్నాడు. నవనీత అటువైపు వెళ్లి పక్క సీటులో కూర్చుంది. ఆయన తాళం తిప్పాడు. కారు గొణిగి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. ఈసారి గొణగను కూడా లేదు.

"పోయిన ఆదివారం దాక మంచిగనే స్టార్టయింది. వానలకు బ్యాటరీ దిగింది," అన్నాడు తనలో తాను.

చెప్పకముందే కారు వెనకకు వెళ్లి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించాను. తోశాను. షెడ్డులోంచి కారు బయటికి పాకింది. మెత్తటి నేల, నా చెప్పులు బురదలో దిగాయి. ఒకటి అక్కడే ఉండిపోయింది. నాలుగడుగులు కదిలి కారు ఆగింది. నాకు ఆయాసం వచ్చింది. ఆయన జవాబు ఏమిటో తెలియని భయం కూడా అందులో కలిసి ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

డ్రైవరు కిటికీలోంచి హనుమండ్లు తల బయటికి వచ్చింది.

"గంతేనా బలం? జర గట్టిగ తొయ్యి, అల్లుడా."

లోపలి అద్దంలో నవనీత కళ్లు కనిపించాయి. అవి తడిగా ఉన్నాయి, నవ్వుతున్నాయి.

ఆ తర్వాత ఎలా తోశానో నాకు తెలియదు. ఇంజను దగ్గింది, ఉలిక్కిపడింది, అందుకుంది. కారు నా చేతుల్లోంచి జారి, నా ప్యాంటు నిండా బురద చిమ్మి, మిల్లు ఆవరణలో ముందుకు సాగిపోయింది. ఒంటి చెప్పుతో అక్కడే నిలబడిపోయాను. నా ఖాళీ చేతులు డిక్కీని తోసిన వేడికి ఇంకా వెచ్చగా ఉన్నాయి. దండం పెట్టాలనిపించింది, ఎవరికో తెలియలేదు. సేటుకా, బాలవ్వకా, ఆ రోజు కురవకూడని కాలంలో కురిసిన వానకా.

గేటు దగ్గర కారు ఆగింది. ఇంజను ఆపలేదు. వెనక సీటు తలుపు లోపలి నుంచి తెరుచుకుంది.